అరుదైన జబ్బుల మందులకు ప్రభుత్వం డబ్బు పెట్టాలా? పెడితే దేనికి, దేనికి కాదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎస్‌ఎంఏ (కండరాలను నడిపించే నరాల కణాలు చనిపోయే జన్యు జబ్బు) ఉన్న ఒక పాప కోసం 16 కోట్ల ఇంజెక్షన్ విరాళాల లింకు వచ్చింది. దాని మీద వాదన మొదలైంది. ఒకరు ఇది ప్రభుత్వమే పెట్టుకోవాల్సిన ఖర్చు అన్నారు. ఇంకొకరు అదే డబ్బుతో ఎంతమంది పిల్లలకు గుండె ఆపరేషన్లు చేయించవచ్చో లెక్క చెప్పారు. వీళ్లలో ఎవరిది న్యాయం, అసలు ప్రభుత్వం ఏ లెక్కన నిర్ణయించాలి అని అడిగారు. లింకుకు డబ్బు పంపాలా అని కూడా అడిగారు. దానికి ఆఖర్లో వస్తాను.

నేను హైదరాబాద్‌లో పిల్లల జన్యు వ్యాధులు చూసే డాక్టర్ని. ఇలాంటి దరఖాస్తులు పరిశీలించే కమిటీల్లో చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. సూటిగా చెప్పాలంటే నా జవాబు ఇది.

కొన్నిటికి తప్పకుండా పెట్టాలి, కొన్నిటికి పెట్టకూడదు. జబ్బు పేరు ఒక్కటే చూస్తే తేలదు. ఏ మందు, జబ్బు ఏ దశలో ఉండగా, ఏ ధరకు అనే మూడూ కలిపి చూడాలి. ఆ నియమం కూడా పిల్ల ఫొటో కమిటీ ముందుకు రాకముందే కాగితం మీద రాసి ఉండాలి.

మీ గ్రూపులో ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. 16 కోట్లు అనే అంకెను ఎండాకాలం ఎండలా, మనం మార్చలేనిదిగా తీసుకున్నారు. ఎండను ఎవరూ నిర్ణయించలేదు, ధరను ఒక కంపెనీ నిర్ణయించింది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను. ముందు ఇప్పుడు మన దగ్గర ఏముందో చూద్దాం.

కేంద్రం 2017లో అరుదైన వ్యాధుల విధానం ఒకటి తెచ్చింది. అమలులో చిక్కులు వచ్చి 2018లో పక్కన పెట్టింది. 2021 మార్చిలో కొత్తది వచ్చింది. అందులో జబ్బుల్ని మూడు గ్రూపులు చేశారు. మొదటిది ఒకసారి చికిత్స చేస్తే చాలావరకు తీరిపోయేవి. ఎముక మజ్జ మార్పిడి, కాలేయ మార్పిడి లాంటివి. రెండోది జీవితాంతం చికిత్స కావాలి కానీ ఖర్చు అందుబాటులో ఉండేవి. ప్రత్యేక పాలపొడులు, ఆహార నియమాలు, కొన్ని మాత్రలు. మూడోది మందు ఉంది, కానీ ఖరీదు విపరీతం, అదీ ఏళ్ల తరబడి. ఈ మూడో గ్రూపును మళ్లీ రెండుగా విడగొట్టారు. మందు దీర్ఘకాలం బాగా పనిచేస్తుందని తగినంత రుజువున్నవి ఒక వైపు, రుజువు ఇంకా పోగవుతున్నవి ఒక వైపు. గోషే జబ్బు, పాంపే, ఫాబ్రీ, కొన్ని ఎంపీఎస్ రకాలు మొదటి వైపు ఉన్నాయి. ఇవన్నీ ఒంట్లో ఏదో ఒక ఎంజైమ్ లోపించి, కణాల్లో వ్యర్థాలు పేరుకుపోయే జబ్బులు. ఎస్‌ఎంఏ, డుషేన్ కండరాల జబ్బు రెండో వైపు ఉన్నాయి.

మొదట్లో 20 లక్షల సాయం మొదటి గ్రూపుకే. మూడో గ్రూపు వాళ్లకు విరాళాల పోర్టల్ చూపించారు. అందులో పోగైన డబ్బు అవసరం ముందు ఏ మూలకూ రాలేదు. 2022 మేలో మార్చి, ఏ గ్రూపైనా సరే గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు 50 లక్షల వరకు ఇస్తామన్నారు. మన దగ్గర ఆ కేంద్రం పంజాగుట్ట నిమ్స్, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీతో కలిపి.

కాగితం మీద ఈ విభజన బాగానే ఉంది. నిజం చెప్పాలంటే నేను అనుకున్నదానికన్నా బాగుంది. దశను పట్టించుకుంది కాబట్టి. గోషేలో మొదటి రకానికి, నరాల సమస్య పెద్దగా లేని మూడో రకానికి మందు పనిచేస్తుందని అంది. ఫాబ్రీకి కిడ్నీ, గుండె పాడవ్వకముందు అంది. ఎంపీఎస్ ఒకటి, రెండు రకాల్లో తీవ్రత తక్కువ ఉన్నవాటికి అంది. బయటివాళ్లకు ఇది కటువుగా అనిపిస్తుంది. బాగా జబ్బుపడ్డ పిల్లకే కదా ముందు ఇవ్వాలి అంటారు.

ఎందుకు కాదో చెప్తాను. ఈ జబ్బుల్లో చాలావాటికి ఇచ్చే మందు ఒక ఎంజైమ్. వారానికో, రెండు వారాలకో సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తాం. అది కాలేయానికి, స్ప్లీన్‌కు (ప్లీహానికి) బాగా చేరుతుంది. మెదడు చుట్టూ ఉండే అడ్డుగోడను మాత్రం దాటలేదు. అందుకే ఒకే జబ్బు పేరున్న ఇద్దరు పిల్లల్లో ఒకరికి ఆ మందు జీవితాన్నిస్తుంది, ఇంకొకరికి పొట్ట వాపు తగ్గుతుంది కానీ మెదడు దెబ్బతినడం ఆగదు.

నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గుర్తుంది. గోషే మొదటి రకం. స్ప్లీన్ బొడ్డు దాటి కిందకు దిగింది, రక్తం ఎక్కిస్తేనే నిలబడేది. అంతకుముందు చూసినవాళ్లు స్ప్లీన్ తీసేద్దాం అన్నారు. ఎంజైమ్ మొదలుపెట్టాక హిమోగ్లోబిన్ పెరిగింది, పొట్ట తగ్గింది, ఎత్తు పెరిగింది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆమె మీద పెట్టిన ప్రతి రూపాయికీ నేను ఏ ఆడిటర్ ముందైనా సంతకం పెడతాను.

దాదాపు అదే రోజుల్లో హర్లర్ తీవ్ర రకం ఉన్న ఐదేళ్ల బాబుని తెచ్చారు. అది ఎంపీఎస్ ఒకటిలో తీవ్రమైన రూపం. రెండు, రెండున్నరేళ్ల లోపల ఎముక మజ్జ మార్పిడి చేస్తే మెదడును చాలావరకు కాపాడొచ్చు. ఈ బాబుకు ఆ వయసు దాటిపోయింది, మాటలు పోతున్నాయి. వాళ్ల నాన్న ఇంటర్నెట్‌లో చదివి ఎంజైమ్ కావాలని దరఖాస్తు పెట్టాడు. కమిటీ ఒప్పుకోలేదు. నేనూ వద్దనే రాశాను. ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది లేకుండా చూడటం, హెర్నియా ఆపరేషన్, చెవుడుకు మిషన్, ఫిజియోథెరపీ ఇవన్నీ ఉచితంగా చేయిద్దామని రాశాం. ఆయన నన్ను అడిగిన మాట: "అంటే మా వాడు లెక్కలోకి రాడా మేడమ్?" దానికి నా దగ్గర జవాబు ఉంది కానీ అది ఆయనకు పనికొచ్చే జవాబు కాదు.

ఇలాంటి చోట ఒక్క విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. మందు కాదన్నప్పుడు మిగతా వైద్యం కాదనకూడదు. చాలా కమిటీల్లో "తిరస్కరించడమైనది" అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేస్తారు. కుటుంబానికి అది తలుపు మూసినట్టే. నొప్పి తగ్గించడం, తిండి మింగేలా చేయడం, చక్రాల కుర్చీ, తల్లికి కాస్త విశ్రాంతి దొరికే ఏర్పాటు ఇవన్నీ ఆ కోట్లతో పోలిస్తే ఎంత? తిరస్కరించే ప్రతి కాగితం మీద కారణం తెలుగులో రాయాలి, మళ్లీ అడగడానికి దారి ఎక్కడో రాయాలి.

ఇక చవకైన జబ్బుల గురించి. టీవీలో ఎప్పుడూ రానివి ఇవే, నాకు ఎక్కువ కోపం తెప్పించేవీ ఇవే. బయోటినిడేజ్ లోపం అని ఒకటుంది. పుట్టగానే కనిపెడితే బయోటిన్ అనే విటమిన్ రోజూ ఇస్తే చాలు, పిల్ల మామూలుగా పెరుగుతుంది. కనిపెట్టకపోతే ఫిట్స్, వినికిడి పోవడం. పోయిన వినికిడి మందు మొదలుపెట్టాక చాలామందిలో తిరిగి రాదు. పీకేయూ (ఆహారంలోని ఒక అమైనో ఆమ్లాన్ని శరీరం వాడుకోలేని జబ్బు) ఉన్న పిల్లకు ప్రత్యేక పాలపొడి మొదటి వారాల్లోనే మొదలవ్వాలి. ఆలస్యమైతే తెలివితేటలు దెబ్బతింటాయి, తర్వాత ఎన్ని డబ్బాలు పోసినా వెనక్కి రావు. దేశంలో పుట్టిన ప్రతి బిడ్డ మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి వీటికి పరీక్ష చేసే ఏర్పాటు ఇప్పటికీ అందరికీ లేదు. గోవా లాంటి చిన్న రాష్ట్రం 2008లోనే మొదలుపెట్టింది.

నా చేతికి 100 రూపాయలు ఇచ్చి అరుదైన జబ్బులకు ఖర్చుపెట్టమంటే మొదటి రూపాయలు ఇక్కడే పెడతాను. పరీక్ష, పాలపొడి, విటమిన్, హైడ్రోకార్టిసోన్ మాత్ర. హైడ్రోకార్టిసోన్ అంత పాత మందు, అంత చవక. అయినా అడ్రినల్ గ్రంథి జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు దానికోసం మెడికల్ షాపుల చుట్టూ తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. లాభం తక్కువని ఎవరూ సరిగా స్టాకు పెట్టరు. అరుదైన జబ్బంటే కోట్ల మందే అనే భావన వల్ల, పదుల రూపాయల మందు దొరకడం లేదన్నది ఎవరి మీటింగులోనూ చర్చకు రాదు.

ఇప్పుడు ధర. టైరోసినీమియా మొదటి రకం అని కాలేయాన్ని తినేసే జబ్బు ఉంది. దాని మందు నిటిసినోన్. (ఈ మందు పుట్టింది కలుపు మందుల పరిశోధనలో. పొలం కోసం వెతికింది పిల్లల కాలేయాలకు పనికొచ్చింది.) దిగుమతి చేసుకుంటే ఏడాదికి 2 కోట్ల పైచిలుకు అయ్యేది. 2023 నవంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ దేశీయంగా తయారైన మందు వివరాలు ప్రకటించినప్పుడు అదే చికిత్స ఏడాదికి సుమారు 2.5 లక్షలు. అదే మందు, అదే మోతాదు. గోషేకు నోటితో వేసుకునే ఎలిగ్లుస్టాట్ కూడా కోట్ల నుంచి 3 నుంచి 6 లక్షలకు దిగింది. 2022లో ఏ కమిటీ అయినా నిటిసినోన్‌కు డబ్బు ఇవ్వడం కష్టం అని రాసి ఉంటే ఆ లెక్క తప్పు కాదు. 2024లో అదే మాట రాస్తే తప్పు. మధ్యలో జబ్బు మారలేదు, ధర మారింది.

ఎస్‌ఎంఏ సంగతి ఇంకా మనకు దగ్గరగా ఉంది. నోటితో తాగించే రిస్డిప్లామ్ సీసా మార్కెట్ ధర 6 లక్షల పైన ఉండేది. 20 కిలోలు దాటిన మనిషికి రోజుకు 5 మిల్లీగ్రాములు. సీసాలో 60 మిల్లీగ్రాములు, అంటే 12 రోజులు. ఏడాదికి 30 సీసాలు. ఆ ధరకు లెక్కేస్తే కోటీ 80 లక్షలు దాటుతుంది. కంపెనీ రాయితీ పథకాలు ఉన్నా మామూలు కుటుంబానికి అది అందని ధరే. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో దాని జెనెరిక్ తయారుచేసింది. అసలు మందు అమ్మే కంపెనీ రోష్ పేటెంట్ కేసు వేసింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆపడానికి ఒప్పుకోలేదు. అక్టోబర్‌లో అప్పీలూ కొట్టేసింది, సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. సీసా 15,900 రూపాయలకు మార్కెట్లోకి వచ్చింది. అదే 30 సీసాలు ఇప్పుడు 4 లక్షల 77 వేలు.

ఇది తక్కువ డబ్బు అనడం లేదు. ఆటో నడిపే మనిషికి 4 లక్షలూ కొండే. కానీ ప్రభుత్వం దగ్గర ప్రశ్న పూర్తిగా మారిపోయింది. కోటీ 80 లక్షల మందుకు 50 లక్షల సాయం నాలుగు నెలలు కూడా రాదు. 4 లక్షల 77 వేల మందుకు అదే 50 లక్షలు పదేళ్ల పైన వస్తుంది. అందుకే నేను కమిటీలో మొదట అడిగే ప్రశ్న "ఇవ్వాలా వద్దా" కాదు. ఈ మందుకు పేటెంట్ ఎప్పటి వరకు ఉంది, మన దగ్గర ఎవరైనా తయారుచేయగలరా, రాష్ట్రాలన్నీ కలిసి ఒకే టెండర్‌లో కొంటే ఎంతకు వస్తుంది అని అడుగుతాను. ఒక్కో తండ్రి ఒక్కో సీసా కొనే పద్ధతిలో కంపెనీ చెప్పిందే ధర. దేశం మొత్తం రోగుల జాబితా పట్టుకుని ఒక్కరే బేరమాడితే సంగతి వేరు. ఇంగ్లండ్‌లో 16 కోట్ల ఇంజెక్షన్‌ను 2021లో రహస్య రాయితీ మీదే తీసుకున్నారు, బోర్డు మీద ఉన్న ధరకు కాదు.

"సరే, ఏ లెక్కన ఇది విలువైనది, ఇది కాదు అంటారు" అని మీరు అడిగిన భాగానికి వస్తే. ఆరోగ్య ఆర్థికవేత్తలు వాడే కొలమానం ఒకటుంది. ఆరోగ్యంగా గడిపిన ఒక ఏడాది జీవితాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటారు. మందు వల్ల అలాంటి ఏడాదులు ఎన్ని పెరిగాయి, ఒక్కోదానికి ఎంత ఖర్చయింది అని చూస్తారు. ఇంగ్లండ్‌లో నైస్ అనే సంస్థ చాలా కాలం మామూలు మందులకు ఒక ఏడాదికి 20 వేల నుంచి 30 వేల పౌండ్ల వరకు సరే అంటూ వచ్చింది. అతి అరుదైన జబ్బులకు వేరే దారి పెట్టి లక్ష పౌండ్ల నుంచి, లాభం బాగా పెద్దదైతే 3 లక్షల పౌండ్ల వరకు ఒప్పుకుంది. మన దేశంలోనూ 2017 నుంచి ఇలాంటి అంచనాలు వేసే విభాగం ఉంది. ఇక్కడ సాధారణంగా తలసరి ఆదాయాన్ని గీతగా తీసుకుంటారు, అంటే 2 లక్షల చిల్లర.

ఆ గీత పెట్టి కొలిస్తే మూడో గ్రూపులో ఒక్క ఎంజైమూ పాసవదు. నల్గొండ అమ్మాయి కూడా ఫెయిలే. అందుకని ఆ కొలమానాన్ని పారేయాలని అనేవాళ్లున్నారు, అదే వేదం అనేవాళ్లూ ఉన్నారు. నేను రెండు వైపులా లేను. ఒకే జబ్బుకు రెండు మందుల మధ్య, ఒకే మందుకు రెండు ధరల మధ్య ఎంచుకోవడానికి ఆ లెక్క చాలా మంచిది. గోషే పిల్లకూ డయాలిసిస్ రోగికీ మధ్య తీర్పు చెప్పడానికి అది చాలదు. ఆ తీర్పులో సమాజం ఏమనుకుంటుందన్నది కలవాలి. తమ తప్పేమీ లేకుండా, పుట్టుకతోనే దురదృష్టం వచ్చినవాళ్లను ఎంత దూరం మోయాలి అన్నది లెక్కల మాస్టారు తేల్చేది కాదు. థాయిలాండ్‌లో ఇదే జరిగింది. లెక్క ప్రకారం గోషే ఎంజైమ్ ఖర్చుకు తగ్గది కాదని తెలిసీ, రోగులు కొద్దిమందే, లేకపోతే కుటుంబం దివాలా తీస్తుందని చూసి మొదటి రకానికి జాతీయ జాబితాలో చేర్చుకున్నారు. లెక్క చేశారు, లెక్కను దాచలేదు, అయినా ఒక కారణం చెప్పి దాటారు. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది.

మీ సహోద్యోగి గుండె ఆపరేషన్ల పోలిక గురించి ఒక మాట. అది పనికిరాని పోలిక కాదు. కానీ ఈ డబ్బు ఇవ్వకపోతే తిన్నగా గుండె ఆపరేషన్లకు వెళ్తుందని అనుకోవడం అమాయకత్వం. ఆరోగ్యశ్రీ బడ్జెట్ వేరు, కేంద్రం అరుదైన జబ్బుల పద్దు వేరు. అరుదైన జబ్బుల పద్దులోపల ఉన్న పోలిక మాత్రం నిజమైనది. 16 కోట్లను 2.5 లక్షలతో భాగిస్తే 640. అంటే ఒక్క ఇంజెక్షన్ డబ్బుతో టైరోసినీమియా ఉన్న 32 మంది పిల్లలకు 20 ఏళ్ల చొప్పున మందు. ఈ పోలిక కమిటీ బల్ల మీద నిజంగానే ఉంటుంది.

రుజువు సరిగా లేని మందుల విషయంలో నేను కఠినంగా ఉంటాను, దీనికి తల్లిదండ్రుల దగ్గర తిట్లు తింటాను. డుషేన్ జబ్బులో ఎటెప్లిర్సెన్ అనే మందును 2016లో అమెరికా ఒప్పుకుంది. కండరంలో ఒక ప్రొటీన్ కాస్త పెరిగిందన్నదే ఆధారం. పిల్లలు ఎక్కువ కాలం నడిచారని కాదు. ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2018లో దాన్ని తిరస్కరించింది. ఆ తర్వాత వచ్చిన జన్యు చికిత్స ఎలెవిడిస్ తీసుకున్న, నడక పోయిన ఇద్దరు కుర్రాళ్లు కాలేయం చెడి చనిపోయారు. 2025 జులైలో అమెరికా సంస్థే సరఫరా ఆపమని అడిగింది. నడవగలిగే పిల్లలకు మాత్రం అదే నెలాఖర్లో మళ్లీ అనుమతించారు. ఇలాంటి వాటికి ప్రజల డబ్బు పెట్టాలంటే ఒక్కటే దారి. మందు పనిచేసిందని ముందే రాసుకున్న కొలతలో తేలితేనే డబ్బు, లేకపోతే కంపెనీ భరించాలి. దానికి ఒప్పుకోని కంపెనీకి తమ మందు మీద తమకే నమ్మకం లేదని అనుకుంటాను. ఈలోపు డుషేన్ పిల్లాడికి స్టెరాయిడ్ సరిగా ఇవ్వడం, గుండె పరీక్షలు, వెన్ను వంకర తిరగకుండా చూడటం ఇవి నడకనూ ఆయుష్షునూ పెంచుతాయని గట్టి రుజువుంది. జిల్లాల్లో అవే అందడం లేదు.

ఎస్‌ఎంఏలో అలా కాదు. మందు పనిచేస్తుంది, అందులో అనుమానం లేదు. ఎప్పుడు మొదలుపెట్టామన్నది అసలు విషయం. లక్షణాలు రాకముందే, పుట్టిన కొద్ది వారాల్లో మొదలుపెట్టిన పిల్లల్లో చాలామంది కూర్చున్నారు, నడిచారు. శాశ్వతంగా వెంటిలేటర్ మీదకు వెళ్లాక మొదలుపెడితే పోయిన నరాల కణాలు తిరిగి రావు. అందుకే అన్న లేదా అక్కకు ఎస్‌ఎంఏ ఉండి, కడుపులో ఉన్న బిడ్డకూ ఉందని తేలితే పుట్టిన వారంలోనే మందు మొదలయ్యేలా అనుమతి ముందే ఇచ్చి ఉంచాలి. ఫైలు తిరిగే నెలల్లో కణాలు చనిపోతూ ఉంటాయి.

ఆపడం గురించి ఎవరూ మాట్లాడరు. మొదలుపెట్టేటప్పుడే ఏడాది తర్వాత ఏం చూస్తామో, ఏది మెరుగుపడకపోతే ఆపుతామో తల్లిదండ్రులతో కూర్చుని రాసుకోవాలి. తర్వాత ఆపడం క్రూరంగా ఉంటుంది, ముందు రాసుకుంటే కాస్త తక్కువ క్రూరంగా ఉంటుంది. దీనికి ఎదురు సమస్య ఇంకా ఘోరం: మందు బ్రహ్మాండంగా పనిచేస్తుండగా డబ్బు అయిపోవడం. ఎంజైమ్ మోతాదు బరువును బట్టి. పిల్ల ఆరోగ్యంగా పెరిగిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. 10 కిలోల పిల్లకు కొన్ని జబ్బుల్లో ఏడాదికి 10 లక్షల నుంచి కోటి పైన అవుతుందని 2021 విధాన పత్రంలోనే రాసి ఉంది. మరి 50 లక్షలు జీవితానికి ఒక్కసారే ఇస్తామంటే ఏమవుతుందో తెలియక రాశారా? నల్గొండ అమ్మాయికి కూడా మధ్యలో ఆ గండం వచ్చింది. పెద్దదవడం, ఆమె శరీరం ఎలిగ్లుస్టాట్‌కు సరిపడటం, అదే సమయానికి దేశీయ మందు రావడం ఆమె అదృష్టం. పాంపే పిల్లలకు అలాంటి మాత్ర లేదు. పరిమితి పెట్టాలనుకుంటే మొదలుపెట్టే వాళ్ల సంఖ్య మీద, అర్హత మీద పెట్టాలి. మొదలుపెట్టి బాగుపడుతున్న పిల్ల మీద పెట్టకూడదు. 2024 అక్టోబర్‌లో ఢిల్లీ హైకోర్టు కూడా ఈ 50 లక్షల గీత దగ్గర సడలింపు ఉండాలని, జాతీయ నిధి ఒకటి పెట్టి రెండేళ్లకు 974 కోట్లు కేటాయించాలని చెప్పింది.

కోర్టుల పాత్రను నేను తక్కువ చేయను. 2014లో ఒక గోషే పిల్లాడి కేసులో అదే హైకోర్టు ఇచ్చిన తీర్పు లేకపోతే ఇవాళ ఈ విధానమే ఉండేది కాదేమో. అయితే కోర్టుకు వెళ్లగలిగిన కుటుంబానికి మందు, వెళ్లలేని కుటుంబానికి ఎదురుచూపు అనే పద్ధతి స్థిరపడితే మంచిది కాదు. మన సీఎం రిలీఫ్ ఫండ్ విషయమూ అంతే. ఎల్‌ఓసీ (చికిత్స ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే హామీ పత్రం) పట్టుకుని ఆసుపత్రికి వచ్చే కుటుంబాల్లో ఎమ్మెల్యే పీఏ ఫోన్ నంబర్ ఉన్నవాళ్లే ఎక్కువ. టీవీలో ముద్దొచ్చే పాప వస్తే ఒక వారంలో కదులుతుంది. ముప్పై ఐదేళ్ల ఫాబ్రీ రోగి, కిడ్నీ చెడిపోతున్న ప్రైవేటు ఉద్యోగి, టీవీకి పనికిరాడు. అతను ఇల్లు గడిపే మనిషి, అతనికి ఇద్దరు పిల్లలు. కేరళ 2024లో అరుదైన జబ్బులకని కేర్ పేరుతో విడిగా ఒక పథకం పెట్టింది. మన రెండు రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ లాంటిది 2007లోనే తెచ్చుకున్నాం. ఒక ప్రత్యేక పద్దు తెచ్చుకోవడం మనకు చేతకాని పని కాదు.

మేనరికాల సంగతి ఎవరో కామెంట్లో అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. అవును, మేనరికాల్లో ఇలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుంది. కానీ నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో బయటి సంబంధాలు చేసుకున్నవాళ్లూ చాలామందే ఉంటారు. కాబట్టి "చేసుకున్నారు కాబట్టి అనుభవించాలి" అనే మాట మీ గ్రూపులో ఎవరైనా అంటే దయచేసి ఆపండి. చేయాల్సింది ఒకటుంది. ఒక బిడ్డకు జబ్బు తేలితే ఆ తల్లిదండ్రులకు, పెళ్లీడుకొచ్చిన వాళ్ల దగ్గరి బంధువులకు జన్యు పరీక్ష, తర్వాతి కాన్పులో మూడో నెలలో చేసే పరీక్ష ప్రభుత్వమే ఉచితంగా చేయించాలి. ఒక ఎంజైమ్ సీసా ధరలో బోలెడు కుటుంబాలకు ఈ పరీక్షలు అయిపోతాయి. అలా అని ఇది పుట్టిన బిడ్డకు మందు ఇవ్వకపోవడానికి సాకు కాకూడదు.

ఇక మీ లింకు. డబ్బు పంపేముందు మూడు విషయాలు అడగండి. పాప వయసు, బరువు ఎంత, ఇప్పుడు ఊపిరి సొంతంగా తీసుకుంటోందా? ఆ ఇంజెక్షన్‌ను అమెరికాలో 2019లో ఒప్పుకున్నది రెండేళ్ల లోపు పిల్లలకే. ఎదురుచూసే రోజుల్లో రిస్డిప్లామ్ మొదలుపెట్టారా? పెట్టకపోతే 16 కోట్లు పోగయ్యేదాకా ఆగడం కన్నా రేపే అది మొదలుపెట్టడం ముఖ్యం. కొత్త ధరకు మీ ఆఫీసు గ్రూపు ఒక్కటే కొన్ని నెలల సీసాలు కొనగలదు. చిన్నపిల్లకు మోతాదు తక్కువ కాబట్టి సీసా ఇంకా ఎక్కువ రోజులు వస్తుంది. నిమ్స్‌లో పేరు నమోదు చేయించారా? చాలా కుటుంబాలకు విరాళాల వెబ్‌సైట్ గురించి తెలుస్తుంది కానీ ఇది తెలియదు. తండ్రికి ఈఎస్‌ఐ కార్డు ఉంటే ఆ దారీ చూడమనండి. సొంతానికి తెప్పించుకునే ఇలాంటి మందుల మీద కస్టమ్స్ సుంకం 2023 నుంచి లేదు. విధానంలో ఉన్న జబ్బు అని సర్టిఫికెట్ చూపించాలి, అది ముందే తీసి పెట్టుకోమనండి.

ఈ మూడిటికీ సరైన జవాబులు వస్తే డబ్బు పంపండి. వెబ్‌సైట్‌కు కాకుండా ఆసుపత్రి ఖాతాకు నేరుగా పంపే వీలుంటే అలా పంపండి, కొన్ని వెబ్‌సైట్లు మధ్యలో కమీషన్ తీసుకుంటాయి. పాప రిపోర్టులో ఎస్‌ఎంఎన్2 (జబ్బు తీవ్రతను అంచనా వేయడానికి చూసే జన్యువు) కాపీలు ఎన్ని ఉన్నాయో చూసి, కుటుంబం ఒప్పుకుంటే పేరు, ఊరు తీసేసి ఇక్కడ రాయండి. వయసు కూడా తెలిస్తే ఏ మందు సరిపోతుందో నేను ఇంకాస్త సూటిగా చెప్పగలను.